కొంచెం తగ్గితే చాలు: లింఫోమాలో చిన్న ఆర్‌ఎన్‌ఏల పని

కోళ్లకు సోకే ఒక వైరస్ ఉంది. పేరు ఏవియన్ ల్యూకోసిస్ వైరస్. అది కోడి కణంలోకి దూరి, తన జన్యు పదార్థాన్ని కోడి క్రోమోజోమ్‌లో అతికిస్తుంది. అతుక్కున్న చోట పక్కనున్న జన్యువును రెచ్చగొడుతుంది. ఆ పక్క జన్యువు కణ విభజనను నడిపేదైతే కోడికి లింఫోమా అనే క్యాన్సర్ వస్తుంది. కాబట్టి జబ్బుపడిన కోళ్లలో వైరస్ ఎక్కడ అతుక్కుందో వెతికితే, క్యాన్సర్‌ను నడిపించే జన్యువులు బయటపడతాయి. అలా వెతికినప్పుడు పదే పదే దొరికిన జన్యువు మిక్. మనుషులకు వచ్చే లింఫోమాల్లో కూడా దానిది పెద్ద పాత్ర.

మిక్‌తోపాటు ఇంకో చోటు కూడా తరచుగా కనబడింది. దానికి బిక్ అని పేరు పెట్టారు. చిక్కు ఇక్కడే వచ్చింది. జన్యువు అంటే ప్రోటీన్ తయారీకి కావలసిన సమాచారం అని అప్పటి అవగాహన. బిక్ నుంచి ఆర్‌ఎన్‌ఏ తయారవుతోంది. కానీ ఆ ఆర్‌ఎన్‌ఏలో ప్రోటీన్‌గా మారగలిగేంత పొడవైన వరస ఎక్కడా లేదు. ప్రోటీన్ లేని జన్యువు క్యాన్సర్‌కు ఎలా తోడ్పడుతుంది? 1997లో ఈ సంగతి ప్రచురించిన శాస్త్రవేత్తలు, బహుశా ఆ ఆర్‌ఎన్‌ఏయే స్వయంగా ఏదో పని చేస్తుండాలని ఊహించారు. ఊహ నిజమైంది. బిక్ ఆర్‌ఎన్‌ఏలోంచి సుమారు 22 అక్షరాల పొడవున్న చిన్న ముక్క ఒకటి తెగి వస్తుంది. దాని పేరు మిర్-155. అది మైక్రో ఆర్‌ఎన్‌ఏల కుటుంబానికి చెందినది.

మైక్రో ఆర్‌ఎన్‌ఏలను మొదట కనిపెట్టింది కోళ్లలోనో మనుషుల్లోనో కాదు. ఒక మిల్లీమీటరు పొడవుండే సి. ఎలిగాన్స్ అనే నులిపురుగులో. 1993లో అమెరికా శాస్త్రవేత్తలు విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రువ్‌కున్ వేర్వేరు ప్రయోగశాలల్లో పనిచేస్తూ, లిన్-4 అనే చిన్న ఆర్‌ఎన్‌ఏ లిన్-14 అనే మరో జన్యువు పనిని తగ్గిస్తోందని చూపించారు. చాలామంది దాన్ని ఆ పురుగుకే పరిమితమైన వింత అనుకున్నారు. 2000లో లెట్-7 అనే రెండో చిన్న ఆర్‌ఎన్‌ఏ బయటపడింది. అది పురుగులో ఎలా ఉందో ఈగలో, చేపలో, మనిషిలో కూడా అలాగే ఉంది. కోట్ల ఏళ్ల పరిణామంలో మారకుండా నిలిచిందంటే దాని పని చాలా ముఖ్యమైనదై ఉండాలి. ఆంబ్రోస్, రువ్‌కున్‌లకు 2024లో వైద్య నోబెల్ వచ్చింది. ఈ చిన్న ఆర్‌ఎన్‌ఏల గురించి సామాన్య పాఠకులు వినడం ఎక్కువగా అప్పటినుంచే.

ఇవి పనిచేసే తీరు తెలిస్తేనే మిగతాది అర్థమవుతుంది. డీఎన్‌ఏలో ఉన్న జన్యువు నుంచి మొదట ఒక నకలు తయారవుతుంది. అదే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ (జన్యువులోని సమాచారాన్ని మోసుకెళ్లే ప్రతి). ఆ నకలును చదివి కణం ప్రోటీన్ తయారు చేస్తుంది. మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఈ రెండు మెట్ల మధ్యలో అడ్డుపడుతుంది. అది కూడా డీఎన్‌ఏ నుంచే పుడుతుంది, కానీ పొడవైన పోగుగా. ఆ పోగు తనమీద తానే ముడుచుకుని జడపిన్ను ఆకారంలోకి వస్తుంది. కణ కేంద్రకంలో డ్రోషా అనే ఎంజైమ్ దాన్ని ఒకసారి కత్తిరిస్తుంది. కేంద్రకం బయటికి వచ్చాక డైసర్ అనే మరో ఎంజైమ్ ఇంకోసారి కత్తిరిస్తుంది. మిగిలిన 22 అక్షరాల ముక్కను ఆర్గోనాట్ అనే ప్రోటీన్ పట్టుకుంటుంది. ఆ ముక్కలో రెండో అక్షరం నుంచి ఎనిమిదో అక్షరం దాకా ఉన్న చిన్న భాగమే గుర్తింపు చీటీ. దానికి సరిపోలే వరస ఏ మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ తోక భాగంలో ఉంటే దానికి ఈ జంట అతుక్కుంటుంది. అతుక్కున్న నకలు నుంచి ప్రోటీన్ తయారీ మందగిస్తుంది. నకలు కూడా త్వరగా శిథిలమవుతుంది.

గుర్తింపు చీటీ ఏడక్షరాలే కాబట్టి అది సరిపోలే చోట్లు చాలా ఉంటాయి. ఒక్కో మైక్రో ఆర్‌ఎన్‌ఏ వందల జన్యువుల మీద పనిచేయగలదు. మనిషిలో ప్రోటీన్ తయారుచేసే జన్యువులు సుమారు 20,000. వాటిలో సగానికి పైగా ఏదో ఒక మైక్రో ఆర్‌ఎన్‌ఏ అదుపులో ఉన్నాయని లెక్క.

అయితే ఈ అదుపు ఎంత? 2008లో రెండు పరిశోధక బృందాలు వేల ప్రోటీన్లను ఒకేసారి కొలిచి చూశాయి. ఒక మైక్రో ఆర్‌ఎన్‌ఏను పెంచితే వందల ప్రోటీన్లు తగ్గాయి. కానీ చాలా ప్రోటీన్లలో తగ్గుదల స్వల్పమే. సగానికి పడిపోయినవి కూడా తక్కువ. చెరువు తూము తలుపును పూర్తిగా మూయకుండా కాస్త దించినట్టు: నీరు ఆగదు, పారుదల తగ్గుతుంది. ఇంత స్వల్ప మార్పు క్యాన్సర్ లాంటి పెద్ద జబ్బులో లెక్కలోకి వస్తుందా అన్న ప్రశ్న సహజం. దానికి జవాబు లింఫోమా మొదలయ్యే కణాల స్వభావంలో ఉంది.

లింఫోమా అంటే లింఫోసైట్లు (సూక్ష్మజీవులతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు) అదుపు తప్పి పెరగడం. చాలాసార్లు మెడలో, చంకల్లో, గజ్జల్లో ఉన్న లింఫ్ గ్రంథుల వాపుగా బయటపడుతుంది. ఎక్కువ లింఫోమాలు బీ కణాల నుంచి పుడతాయి. యాంటీబాడీలను తయారుచేసేవి ఈ బీ కణాలే. కొత్త సూక్ష్మజీవి కనబడగానే బీ కణాలు లింఫ్ గ్రంథిలో ఒక చోట గుమిగూడి, ఇంకా గట్టిగా పట్టుకునే యాంటీబాడీ కోసం తమ యాంటీబాడీ జన్యువులను తామే మార్చుకుంటాయి. ఏఐడీ అనే ఎంజైమ్ వాటి డీఎన్‌ఏను కావాలనే గాయపరుస్తుంది. ఆ గాయం మానేటప్పుడు వరస మారుతుంది. డీఎన్‌ఏకు దెబ్బ తగిలితే మామూలు కణం విభజన ఆపుతుంది, లేదా చనిపోతుంది. ఇక్కడ ఆ హెచ్చరిక వ్యవస్థను బీసీఎల్-6 అనే ప్రోటీన్ తాత్కాలికంగా అణచి ఉంచుతుంది. అంటే డీఎన్‌ఏ తెగుతోంది, కణం వేగంగా విభజన చెందుతోంది, హెచ్చరిక మోగడం లేదు. మన రోగనిరోధక శక్తి ఈ ప్రమాదం అంచున నిలబడే పనిచేస్తుంది. ఆరోగ్యవంతుడి శరీరంలో ఇది నిత్యం జరిగే పని.

తెగిన ముక్కలు కొన్నిసార్లు తప్పు చోట అతుక్కుంటాయి. 8వ క్రోమోజోమ్ మీది మిక్ జన్యువు 14వ క్రోమోజోమ్ మీది యాంటీబాడీ జన్యువు పక్కకు చేరితే, యాంటీబాడీ తయారీకి ఉద్దేశించిన ఉత్తేజమంతా మిక్‌కు అందుతుంది. బర్కిట్ లింఫోమాలో జరిగేది ఇదే. డెనిస్ బర్కిట్ అనే సర్జన్ 1958లో ఉగాండా పిల్లల్లో వర్ణించిన జబ్బు అది. 18వ క్రోమోజోమ్ మీది బీసీఎల్-2 అదే 14వ క్రోమోజోమ్ దగ్గరికి చేరితే ఫాలిక్యులర్ లింఫోమాకు దారి పడుతుంది. బీసీఎల్-2 కణాన్ని చావనివ్వని ప్రోటీన్. ఇలాంటి వాటిని ఆంకోజీన్లు (క్యాన్సర్‌ను నడిపించే జన్యువులు) అంటారు. బీసీఎల్-2 మార్పు ఉన్న కణాలు జబ్బేమీ లేని పెద్దవాళ్ల రక్తంలోనూ అతి కొద్దిగా దొరుకుతాయి. వాళ్లలో అత్యధికులకు లింఫోమా ఎప్పటికీ రాదు. అంటే క్రోమోజోమ్ తెగి అతుక్కోవడం ఒక్కటే చాలదు. కణం ఇటా అటా అన్నది చుట్టూ ఉన్న మిగతా అదుపుల మీద ఆధారపడుతుంది. చిన్న ఆర్‌ఎన్‌ఏలు చేసే స్వల్ప మార్పు లెక్కలోకి వచ్చేది ఆ తూకంలోనే.

మొదటి సాక్ష్యం 2002లో వచ్చింది. క్రానిక్ లింఫోసైటిక్ ల్యూకీమియా (సీఎల్‌ఎల్) అనే జబ్బు ఉంది. ఇది రక్తంలో కనబడితే ల్యూకీమియా, గ్రంథుల్లోనే కనబడితే స్మాల్ లింఫోసైటిక్ లింఫోమా. జబ్బు ఒకటే. ఈ రోగుల్లో సగానికి పైగా 13వ క్రోమోజోమ్‌లో ఒక చిన్న ముక్క పోయి ఉంటుంది. పోయిన చోట క్యాన్సర్‌ను ఆపే జన్యువు ఏదో ఉండాలని ఏళ్ల తరబడి వెతికారు. ప్రోటీన్ తయారుచేసే జన్యువుల్లో ఏదీ సరిపోలేదు. కార్లో క్రోచే ప్రయోగశాలలో జార్జ్ కాలిన్ తదితరులు చూసింది అదే చోట ఉన్న రెండు మైక్రో ఆర్‌ఎన్‌ఏలను: మిర్-15, మిర్-16. మైక్రో ఆర్‌ఎన్‌ఏకూ మనిషి క్యాన్సర్‌కూ ముడి పడటం అదే మొదలు. 2005లో అదే బృందం ఇంకో అడుగు వేసింది. ఆ రెండూ మామూలుగా తగ్గించి ఉంచేది బీసీఎల్-2నే అని చూపింది. అవి పోతే బీసీఎల్-2 పెరుగుతుంది. చావాల్సిన కణం చావదు. ఫాలిక్యులర్ లింఫోమాలో బీసీఎల్-2 జన్యువు చోటు మారి పెరిగితే, ఇక్కడ దాన్ని అణచే చెయ్యి తొలగిపోయి పెరుగుతోంది. దారులు వేరు, చేరే చోటు ఒకటి. 2010లో ఎలుకల్లో ఆ ముక్కను తొలగించి చూసినప్పుడు కొన్నిటికి అలాంటి జబ్బే వచ్చింది.

రెండో కథ మిక్‌ది. మిక్ పెరిగితే కణం పరుగులు పెడుతూ విభజన చెందుతుంది. కానీ మిక్ మితిమీరిన కణం చావడానికి కూడా సిద్ధపడుతుంది. ఇది ఒంట్లో ఉన్న రక్షణ. కాబట్టి మిక్‌తో నడిచే లింఫోమాకు చావు సంకేతాన్ని తగ్గించే తోడు కావాలి. ఆ తోడు 13వ క్రోమోజోమ్‌లోనే వేరేచోట ఉంది. మిర్-17-92 అనే గుంపు అది. ఒకే పోగులోంచి ఆరు మైక్రో ఆర్‌ఎన్‌ఏలు తెగి వస్తాయి. కొన్ని లింఫోమాల్లో ఈ చోటు ఎక్కువ నకళ్లుగా పెరిగి ఉంటుంది. 2005లో నేచర్ పత్రికలో రెండు పరిశోధనలు కలిసి వచ్చాయి. మిక్ ఎక్కువగా ఉన్న ఎలుకల బీ కణాల్లో ఈ గుంపును కూడా పెంచితే లింఫోమా చాలా త్వరగా వచ్చిందని, ఆ గడ్డల్లో కణాల చావు తగ్గిందని ఒకటి చెప్పింది. ఈ గుంపును ఉత్తేజపరిచేది మిక్కే అని రెండోది చెప్పింది. అంటే మిక్ తనకు కావలసిన తోడును తానే తయారు చేసుకుంటోంది.

ఈ గుంపు ఏం చేస్తుందో తర్వాత తేలింది. పీటెన్ అనే ప్రోటీన్ కణం పెరుగుదల సంకేతాలకు కళ్లెం. బిమ్ అనే ప్రోటీన్ కణం చావును మొదలుపెట్టేది. మిర్-17-92 రెంటినీ తగ్గిస్తుంది. వాటిలో ఏ ఒక్కటీ పూర్తిగా పోదు. రెండూ కొంత కొంత తగ్గుతాయి. ఆ రెండు స్వల్ప తగ్గుదలలు ఒకే వైపు కలిసి మొగ్గుతాయి. నాకు ఈ రంగంలో అన్నిటికంటే ముఖ్యంగా తోచే విషయం ఇదే. క్యాన్సర్ అనగానే ఒక జన్యువు చెడిపోవడం మన ఊహకు వస్తుంది. ఇక్కడ ఈ రెండు ప్రోటీన్ల జన్యువులూ చెడిపోలేదు. పీటెన్, బిమ్ జన్యువుల వరసను పరీక్షిస్తే తప్పేమీ కనబడదు. మారింది పరిమాణం.

మిక్ ఇంకో పని కూడా చేస్తుంది. తనకు ఇష్టంలేని మైక్రో ఆర్‌ఎన్‌ఏలను అణచివేస్తుంది. ఆ అణిగినవాటిలో మిర్-15, మిర్-16 ఉన్నాయి. లెట్-7 కూడా ఉంది. 13వ క్రోమోజోమ్ ముక్క పోకపోయినా, మిక్ పెరిగితే ఫలితం అదే వైపు పోతుందన్నమాట.

ఇక మిర్-155. కోళ్లలో కనిపించిన బిక్ నుంచి వచ్చే ఈ ముక్క మామూలు మనిషి బీ కణంలో కూడా ఉంటుంది. సూక్ష్మజీవి ఎదురైనప్పుడు పెరుగుతుంది, పని అయ్యాక తగ్గుతుంది. 2007లో దీన్ని పూర్తిగా తీసేసిన ఎలుకల్ని పరిశీలిస్తే వాటి రోగనిరోధక శక్తి బలహీనంగా ఉంది. దానికి ఒక ఏడాది ముందే దీన్ని బీ కణాల్లో నిరంతరం పెంచి ఉంచిన ఎలుకలకు ల్యూకీమియా, లింఫోమా వచ్చాయి. వేరే ఏ ఆంకోజీన్‌నూ జోడించకుండానే. మనుషుల్లో డిఫ్యూజ్ లార్జ్ బీ-సెల్ లింఫోమా (పెద్దవాళ్లలో ఎక్కువగా కనిపించే, వేగంగా పెరిగే రకం), హాడ్జ్‌కిన్ లింఫోమాల్లో ఇది బాగా ఎక్కువగా ఉంటుంది. షిప్-1 అనే ప్రోటీన్‌ను తగ్గించడం దాని ముఖ్యమైన పని. బీ కణానికి అందే 'పెరుగు, బతుకు' సంకేతాన్ని సకాలంలో చల్లార్చేది షిప్-1. అది తగ్గితే పోరాటం అయిపోయాక కూడా సంకేతం ఆగదు.

ఇంతవరకు చూస్తే మిర్-155 చెడ్డదని తీర్మానించాలనిపిస్తుంది. బర్కిట్ లింఫోమా ఆ తీర్మానాన్ని ఒప్పుకోదు. ఆ జబ్బులో మిర్-155 దాదాపు కనబడదు. దీనికి ఒక వివరణ 2008లో దొరికింది. మిర్-155 తగ్గించే జన్యువుల్లో ఏఐడీ కూడా ఒకటి. బీ కణం డీఎన్‌ఏను గాయపరిచే ఎంజైమ్ అదే కదా. శాస్త్రవేత్తలు ఎలుకల ఏఐడీ జన్యువులో మిర్-155 అతుక్కునే చోటును మాత్రమే చెరిపేశారు. మిర్-155 చేసే మిగతా పనులేవీ మారలేదు. ఏఐడీ పరిమాణం పెరిగింది. దాంతోపాటు మిక్ జన్యువు యాంటీబాడీ జన్యువు పక్కకు చేరే ప్రమాదాలూ పెరిగాయి. అంటే ఒకే చిన్న ఆర్‌ఎన్‌ఏ ఒక రకం లింఫోమాను నడిపిస్తోంది, మరో రకానికి దారితీసే మార్పును అడ్డుకుంటోంది. వందల జన్యువులను తాకేదానికి మంచి చెడు అని ఒక్క ముద్ర వేయలేం. ఏ కణంలో, ఏ దశలో, ఎంత అన్నది చెప్పాలి.

వైరస్‌లు కూడా ఈ విద్య నేర్చుకున్నాయి. సొంత మైక్రో ఆర్‌ఎన్‌ఏలు ఉన్నాయని తేలిన మొదటి వైరస్ ఎప్‌స్టీన్-బార్. ఆ సంగతి 2004లో బయటపడింది. 1964లో బర్కిట్ లింఫోమా కణాల్లోనే మొదట కనిపించిన వైరస్ ఇది.

ఈ పరిజ్ఞానం రోగికి ఇవాళ ఏ మేరకు అందుతోంది? రోగ నిర్ధారణలో ఆశ ఉంది. ఈ ముక్కలు చాలా చిన్నవి కాబట్టి గట్టివి. బయాప్సీ చేసి మైనపు దిమ్మెలో ఏళ్ల తరబడి దాచిన కణజాలంలో కూడా కొలవవచ్చు. డిఫ్యూజ్ లార్జ్ బీ-సెల్ లింఫోమా రోగుల రక్తపు సీరంలో మిర్-155, మిర్-21, మిర్-210 ఎక్కువగా ఉన్నాయని 2008లోనే ప్రచురితమైంది. కానీ ఆస్పత్రిలో చికిత్సను నిర్ణయించేది ఇప్పటికీ గ్రంథి బయాప్సీయే. అలా తీసిన కణజాలం మీద చేసే ప్రోటీన్ రంగుల పరీక్షలు, క్రోమోజోమ్ పరీక్షలు జబ్బు రకాన్ని తేలుస్తాయి. మన దగ్గర ఇది మరీ ముఖ్యం. మెడలో బిళ్ల కనబడగానే క్షయ అనుకుని, ముక్క తీసి చూడకుండానే మందులు మొదలుపెట్టడం జరుగుతుంటుంది. క్షయ మనకు ఎక్కువ కాబట్టి ఆ అనుమానం సహజమే. కానీ ఆ బిళ్ల లింఫోమా అయితే విలువైన నెలలు పోతాయి.

చికిత్స వైపు దారి కష్టంగా ఉంది. లింఫోమా మందుల్లో పాతవి విభజన చెందే ప్రతి కణాన్నీ దెబ్బతీసేవి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లే ప్రయోగశాల రూపొందించిన మెథోట్రెక్సేట్ అలాంటిదే. అది ఇప్పటికీ మెదడుకు సంబంధించిన లింఫోమాల్లో ప్రధాన ఔషధం. తర్వాతి తరం మందులు ఒక్క ప్రోటీన్‌కు గురిపెట్టేవి. బీసీఎల్-2ను అడ్డుకునే వెనెటోక్లాక్స్ 2016లో అమెరికాలో సీఎల్‌ఎల్ రోగులకు ఆమోదం పొందింది. మిర్-15, మిర్-16 పోవడంవల్ల పెరిగే ప్రోటీన్‌ను ఈ మందు నేరుగా అడ్డుకుంటుంది.

చిన్న ఆర్‌ఎన్‌ఏనే మందుగా ఇవ్వడం లేదా దాన్నే అణచివేయడం ఇంకో పద్ధతి. అది పనిచేయవచ్చనడానికి గట్టి ఆధారం 2010లో యేల్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. ఎలుకల్లో మిర్-21ను కావలసినప్పుడు పెంచి, కావలసినప్పుడు ఆపే ఏర్పాటు చేశారు. పెంచితే లింఫోమా వచ్చింది. ఆపేస్తే గడ్డలు కొద్ది రోజుల్లోనే కరిగిపోయాయి. గడ్డ దాని మీదే ఆధారపడి బతుకుతోందని అర్థం.

మనుషుల్లో మాత్రం రెండు పెద్ద ప్రయత్నాలు మధ్యలో ఆగాయి. క్యాన్సర్‌ను అణచే మిర్-34ను కొవ్వు బుడగల్లో పెట్టి రక్తంలోకి ఎక్కించే ఎంఆర్ఎక్స్34 అనే మందు పరీక్ష 2013లో మొదలైంది. కొందరు రోగుల్లో రోగనిరోధక వ్యవస్థ తీవ్రంగా ప్రతిస్పందించింది. మరణాలు కూడా సంభవించాయి. 2016లో దాన్ని ఆపేశారు. రెండోది కోబోమార్సెన్. మిర్-155కు అతుక్కుని దాన్ని పనిచేయనివ్వని కృత్రిమ ముక్క ఇది. టీ కణాలు అనే మరో రకం లింఫోసైట్ల నుంచి పుట్టి చర్మానికి వచ్చే లింఫోమాలో పరీక్షించారు. మొదట మచ్చల్లోకే సూదితో ఎక్కించారు, తర్వాత రక్తంలోకి ఇచ్చారు. తొలి దశలో కొందరికి మచ్చలు తగ్గాయి. రెండో దశ పరీక్ష అనుకున్నంత దూరం సాగకముందే ముగిసింది.

ఇలాంటి మందులకు ఉన్న ఒక ఇబ్బంది చిన్న ఆర్‌ఎన్‌ఏల స్వభావంలోనే ఉంది. మిర్-155ను ఒళ్లంతా అణచివేస్తే లింఫోమా కణంతోపాటు సూక్ష్మజీవులతో పోరాడే మంచి కణం కూడా బలహీనపడవచ్చు. మిర్-34ను ఒళ్లంతా నింపితే అది అవసరం లేని కణాల్లోనూ వందల జన్యువులు కదులుతాయి. కాబట్టి మందు ఏ కణానికి చేరుతుంది, అక్కడ ఎంత నిలుస్తుంది అన్నదే అసలు ప్రశ్న. వేరే తరహా చిన్న ఆర్‌ఎన్‌ఏతో చేసిన పాటిసిరాన్ అనే మందు 2018లో ఆమోదం పొందింది. అది నరాలను దెబ్బతీసే ఒక వంశపారంపర్య జబ్బుకు. ఆ జబ్బుకు కారణమైన ప్రోటీన్ కాలేయంలో తయారవుతుంది, రక్తంలోకి ఎక్కించిన కొవ్వు బుడగలు సహజంగానే కాలేయానికి చేరతాయి. అందుకే అది సాధ్యమైంది. లింఫ్ గ్రంథుల్లో, ఎముక మజ్జలో చెదిరి ఉండే బీ కణాలకు అలాంటి సులువైన దారి లేదు. బీ కణం పైపొర మీద ఉండే ప్రోటీన్లను గుర్తుపట్టే యాంటీబాడీకి ఈ ముక్కల్ని తగిలించి పంపడం, బుడగల పైపొరను మార్చి కాలేయాన్ని తప్పించడం వంటి మార్గాల మీద ప్రయోగశాలలు ఇప్పుడు పనిచేస్తున్నాయి.